డిస్క్ చక్రానికి గాలి కొట్టే అడాప్టర్: చెన్నై సైక్లిస్టులు తరచుగా అడిగే ప్రశ్నలు

డిస్క్ చక్రం, అంటే స్పోకుల బదులు పళ్లెంలా మూసి ఉండే సైకిల్ చక్రం, కొనేటప్పుడు బరువెంత, హబ్ (చక్రం నడిమి భాగం) ఏది, ఎంత వెడల్పు టైరు పడుతుంది అని అన్నీ అడుగుతారు. గాలి ఎలా కొట్టాలో మాత్రం ఎవరూ అడగరు. ఇంటికొచ్చి పంపు చేతిలోకి తీసుకున్నాక, దాని తల వాల్వు దాకా పోనే పోదని తెలుస్తుంది. చెన్నై తీరం వెంట పోయే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద తెల్లవారుజామున తొక్కే మన తెలుగువాళ్లు ఈ విషయంలో అడుగుతూ ఉండే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు కింద రాశాను. నా మాట ముందే చెప్పేస్తాను: అడాప్టర్‌ను మీ పంపును చూసి కాదు, చక్రానికున్న కన్నం చూసి కొనండి.

మామూలు పంపు డిస్క్‌కి ఎందుకు పట్టదు?

స్పోకులున్న చక్రంలో వాల్వు రిమ్ములోంచి హబ్ వైపు నిలబడి ఉంటుంది, చుట్టూ ఖాళీయే. ఎంత లావు పంపు తలైనా పెట్టొచ్చు. డిస్క్‌లో రిమ్ము నుంచి హబ్ దాకా రెండు పక్కలా కార్బన్ గోడలే. వాల్వు ఆ గోడల మధ్య దాక్కుంటుంది. దాన్ని అందుకోవడానికి రిమ్ము పక్కన ఒక గోడకో, రెండు గోడలకో చిన్న కన్నం వదులుతారు. ఇకపై దాన్ని కిటికీ అందాం. ఆ కిటికీలో వాల్వుకి ఎదురుగా మళ్లీ గోడే ఉంటుంది కాబట్టి నిటారుగా దిగే పంపు తలకి చోటుండదు. పక్క నుంచి దూరి, లోపల మలుపు తిరిగి వాల్వుని పట్టుకునేది కావాలి. అదే డిస్క్ అడాప్టర్. సైక్లిస్టులు దాని వంకర చూసి ఇంగ్లీషులో ‘క్రాక్ పైప్’ (మత్తుమందు పీల్చే గొట్టం) అని ఓ ముద్దుపేరు పెట్టుకున్నారు. కొరియర్ పెట్టె మీద ఆ పేరు చూసి ఇంట్లో పెద్దవాళ్లు అడిగితే ఏం చెప్పాలో మీరే చూసుకోండి.

కొనే ముందు ఏం కొలవాలి?

అసలు పని ఇదే. చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి, కిటికీ పైకి కనిపించేలా పెట్టుకుని, చిన్న స్కేలు తీసుకోండి.

మొదట వాల్వు రిమ్ము నుంచి ఎంత బయటికి వచ్చిందో చూడండి. రబ్బరు వాచరుతో పట్టుకునే తలలు నమ్మకంగా కూర్చోవాలంటే ఓ 15 మిల్లీమీటర్లయినా ఉండాలి. అంతకంటే తక్కువైతే అలాంటి ఏ అడాప్టరైనా జారుతుంది, తప్పు దానిది కాదు. తర్వాత వాల్వు మొన నుంచి ఎదురు గోడ అంచు దాకా ఎంత ఖాళీ ఉందో చూడండి. మొన మీది చిన్న నట్టు విప్పితే వాల్వు ఇంకొంచెం పొడవవుతుంది, కాబట్టి నట్టు విప్పాకే కొలవాలి. ఈ ఖాళీలోంచే అడాప్టర్ తల దూరి, వాల్వు మీదికి దిగాలి. చాలామంది మర్చిపోయే కొలత ఇదే.

తర్వాత కిటికీ వెడల్పు. అందులో అడాప్టర్ ఒక్కటీ పడితే చాలదు, దాన్ని నొక్కే మీ బొటనవేలు కూడా పట్టాలి. ఇక కిటికీ ఒక వైపే ఉందా, రెండు వైపులా ఉందా చూసుకోండి. గొలుసు వైపు మాత్రమే ఉంటే ప్రతిసారీ గేర్లు మార్చే డిరైలర్ పక్కన చెయ్యి పెట్టి తంటాలు పడాలి.

అట్టముక్క చిట్కా ఒకటి చెబుతాను. కొనాలనుకున్న అడాప్టర్ కొలతలు అమ్మకం పేజీలో ఉంటే ఆ సైజుకి ఎల్ ఆకారంలో అట్ట కత్తిరించి కిటికీలో పెట్టి చూడండి. అట్ట తిరగనిచోట ఇత్తడి అసలే తిరగదు. కొలతలు ఇవ్వని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మంచిది.

ఎన్ని రకాలున్నాయి? ఏది తీసుకోవాలి?

పట్టుకునే పద్ధతిని బట్టి మూడు రకాలు.

ఒకటి, తోసి పెట్టేది. ఎల్ ఆకారంలోనో, రెండు మలుపులతోనో ఉండే లోహపు ముక్క. లోపల రబ్బరు వాచరు ఉంటుంది. దాన్ని వాల్వు మీదికి తోసి, ఇంకో కొసకి మీ పంపు తల తగిలిస్తారు. చిన్నది, తేలిక, జెర్సీ జేబులో పడుతుంది. దానికి లీవరు ఉండదు కాబట్టి గాలి కొడుతున్నంతసేపూ చేత్తో అదిమి పట్టుకోవాలి. ఒక చెయ్యి అడాప్టర్ మీద పెట్టి, ఒక చేత్తో ఫ్లోర్ పంపు కొట్టడం పెద్ద సర్కస్. పక్కన ఇంకో మనిషి ఉంటే ఇది హాయిగా పనిచేస్తుంది. జిప్, సిల్కా లాంటి కంపెనీల పేరుతో వచ్చేవాటిలో ఈ తరహావి ఉన్నాయి.

రెండోది లీవరుతో బిగించేది. తలని వాల్వు మీద పెట్టి లీవరు తిప్పితే లోపలి రబ్బరు నలిగి వాల్వుని గట్టిగా పట్టుకుంటుంది. చెయ్యి తీసేసినా ఊడదు. జపాన్‌లో తయారయ్యే హిరామే అనే ఇత్తడి తల ఈ కోవలో బాగా పేరున్నది. తల పొట్టిగా ఉంటుంది, రబ్బరు అరిగితే మార్చుకోవచ్చు. ఇది అడాప్టర్‌లా మధ్యలో వచ్చేది కాదు, పంపు గొట్టానికే నేరుగా బిగించుకునే తల. ఇంట్లో పాత ఫ్లోర్ పంపు పడి ఉంటే దాని తల కోసేసి దీన్ని తగిలించండి. గొట్టం లోపలి సైజు, తల తోక సైజు సరిపోతాయో లేదో చూసుకుని, క్లిప్పు వేసి బిగించాలి. డిస్క్ కోసమే ఒక పంపు ఉన్నట్టవుతుంది, ప్రతి అతుకు దగ్గరా గాలి కారే గొడవా తగ్గుతుంది. వారానికి ఒకసారికి మించి డిస్క్ ఎక్కించేవాళ్లకి నేను ఇదే చెబుతాను.

మూడోది, మర తిప్పి బిగించేది. వాల్వు మొన దగ్గర ఉండే సన్నని మర మీదికి దీన్ని తిప్పి ఎక్కిస్తారు. పట్టు బ్రహ్మాండం. కానీ ఎల్ ఆకారంలో గట్టి ముక్కగా ఉంటే దాన్ని ఎక్కించడానికి మొత్తం చుట్టూ తిప్పాలి, కిటికీలో ఆ చోటు ఎక్కడిది? అందుకే మర రకం కావాలంటే కొసన మెత్తని చిన్న గొట్టం ఉన్నదో, కొస విడిగా తిరిగేదో తీసుకోండి. ఇంకో తలనొప్పి: విప్పేటప్పుడు దీనితో పాటు వాల్వు లోపలి కోర్ కూడా ఒక్కోసారి ఊడి వస్తుంది. ఒక్క క్షణంలో గాలంతా పోతుంది. కోర్ తీసే టూల్‌తో ముందే దాన్ని బిగించి ఉంచుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

ఒంటరిగా తొక్కేవాళ్లకి లీవరు రకం, బ్యాగులో పెట్టుకోవడానికి తోసే రకం. రెండిట్లో ఒకటే కొనగలమంటే లీవరుదే కొనండి.

అడాప్టర్ రెండో కొస నా పంపుకి పడుతుందా?

ఇది అడగకుండా కొని మళ్లీ తిరగ్గొట్టేవాళ్లు చాలామంది. కొన్నిటికి రెండో కొస సైకిల్ వాల్వులా సన్నగా, 6 మిల్లీమీటర్ల లావులో ఉంటుంది. దాన్ని ప్రెస్టా అంటారు. కొన్నిటికి కారు, బైకు ట్యూబులకుండే 8 మిల్లీమీటర్ల ష్రేడర్ కొస ఉంటుంది. రెండిటికీ పనిచేసే పంపు తలైతే ఇబ్బంది లేదు. తిప్పి పెట్టుకునే పాత తరహా తలైతే ఏ వైపు పెట్టుకున్నారో ముందు చూసుకోండి.

అడాప్టర్ తోస్తుంటే వాల్వే రిమ్ములోకి వెళ్లిపోతోంది. ఏం చెయ్యాలి?

టైరులో గాలి బాగా తగ్గినప్పుడు ఇలాగే అవుతుంది. ట్యూబుని లోపలి నుంచి నిలబెట్టేది ఏదీ లేదు కదా. వాల్వు ఉన్నచోట టైరు పైభాగాన్ని ఒక చేతి బొటనవేలితో హబ్ వైపు నొక్కండి. వాల్వు వెనక్కి పోదు. అలా నొక్కి ఉంచుతూనే అడాప్టర్‌ని రెండో చేత్తో ఎక్కించండి. నాలుగు స్ట్రోకులు కొట్టి కాస్త గాలి ఎక్కితే ఇక వాల్వు కదలదు. వాల్వు మొదట్లో ఉండే లాక్ నట్టు పెట్టుకున్నా సాయమే, కానీ కిటికీ లోపల వేళ్లు పట్టక చాలామంది అది పెట్టరు.

పక్కకి ఊపుతూ ఎక్కించడం, తీయడం మాత్రం వద్దు. మొన మీది సన్నని సూది వంగుతుంది. కొంచెం వంగితే వేలితో జాగ్రత్తగా సరిచేసుకోవచ్చు, విరిగితే కోర్ మార్చాల్సిందే. కోర్ ఊడిరాని ట్యూబైతే ట్యూబే మార్చాలి.

పంపు గేజ్ ముల్లు ఒక్కసారి 100 పీఎస్‌ఐ దాటుతోంది, టైరు మాత్రం మెత్తగానే ఉంది. ఎందుకు?

గేజ్ చూపించేది పంపు గొట్టంలోని ఒత్తిడిని, టైరులోదాన్ని కాదు. ప్రెస్టా వాల్వులో స్ప్రింగు ఉండదు. లోపలి గాలే దాన్ని మూసి ఉంచుతుంది. కొన్నాళ్లు కదలకపోతే అతుక్కుంటుంది కూడా. అప్పుడు గొట్టంలో ఒత్తిడి పెరిగి ముల్లు లేస్తుంది, గాలి లోపలికి మాత్రం పోదు. అడాప్టర్ పెట్టే ముందు మొన మీది నట్టు విప్పి, దాన్ని వేలితో ఒకసారి నొక్కి ‘స్స్’ మని చిన్న శబ్దం వచ్చేలా చూడండి. సగం గొడవలు దీంతోనే తీరిపోతాయి. ఆ తర్వాతా ఇలాగే ఉంటే అడాప్టర్ సరిగా దిగలేదన్నమాట. తీసి మళ్లీ పెట్టండి.

తీసేటప్పుడు బుస్సుమని గాలి పోతోంది. టైరులోంచి ఎంత పోయినట్టు?

దాదాపు ఏమీ పోలేదు. ఆ శబ్దం గొట్టంలో, అడాప్టర్‌లో ఇరుక్కున్న గాలిది. అడాప్టర్ కదలగానే టైరులోని గాలి వాల్వుని తనంతట తానే మూసేస్తుంది. నిటారుగా ఒక్క లాగు లాగండి. నెమ్మదిగా వంచుతూ తీస్తేనే నిజంగా గాలి కారేది.

పొడవాటి వాల్వో, ఎక్స్‌టెండరో వేసుకుంటే అడాప్టర్ అక్కర్లేదు కదా?

లోతైన రిమ్ములకి అది మంచి ఉపాయం. డిస్క్‌కి తిరగబడుతుంది. వాల్వు పొడవయ్యేకొద్దీ ఎదురు గోడకి, మొనకి మధ్య ఖాళీ తగ్గుతుంది. అడాప్టర్ తల పెట్టే చోటు కూడా పోతుంది. డిస్క్‌కి సాధారణంగా పొట్టి వాల్వు ట్యూబే సరి. 40 మిల్లీమీటర్లది చాలావాటికి సరిపోతుంది, కానీ మీ చక్రం కంపెనీ ఏం రాసిందో అది చూసుకోండి.

టీపీయూ ట్యూబుకి (రబ్బరు బదులు పల్చని ప్లాస్టిక్‌తో చేసేది) లీవరు అడాప్టర్ వాడొచ్చా?

జాగ్రత్తగా వాడండి. చాలా టీపీయూ ట్యూబుల వాల్వు కాడ ప్లాస్టిక్‌ది. లీవరు గట్టిగా బిగిస్తే అది నలిగిపోతుంది. జేబులో పట్టే ఎలక్ట్రిక్ పంపులతో ఇంకో చిక్కు ఉంది. అవి కాసేపు నడిచేసరికి తల చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, ఆ వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. అలాంటి పంపుకి మెత్తని గొట్టం ఉన్న అడాప్టర్ మధ్యలో పెట్టుకుంటే వేడి వాల్వు దాకా రాదు, కిటికీలో దూర్చడమూ సులువు. డిస్క్ ఉన్నవాళ్లకి ఈ జోడీ నిజంగా బాగుంటుంది.

పెట్రోలు బంకులోనో, పంచరు షాపులోనో కొట్టించుకోవచ్చా?

అత్యవసరమైతే తప్ప వద్దు. బంకులో గొట్టం ష్రేడర్‌కి చేసినది. కారు టైరులో గాలి ఎంత ఎక్కువ పట్టేదో మీ సన్నని టైరులో అంత తక్కువ పడుతుంది. ఆ కంప్రెసర్ ధాటికి క్షణాల్లో లెక్క తప్పుతుంది. ఇత్తడి కన్వర్టర్ ఒకటి సైకిల్ షాపులో చవగ్గా దొరుకుతుంది కానీ, అది నిటారుగా ఉండేది. కిటికీలో పట్టదు. దానికి మళ్లీ డిస్క్ అడాప్టర్ జోడించాలి.

రోడ్డు పక్క పంచరు షాపు అణ్ణన్ దగ్గర ఉండే పంపు మన పాత సైకిళ్ల వాల్వుల కోసం. ఆయన ‘‘ఇదు ఎన్నప్పా, కాత్తు ఎప్పడి అడిక్కిరదు?’’ (ఇదేంటయ్యా, గాలి ఎలా కొట్టేది?) అని చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

వెనక టైరులో ఎంత ఉంచాలి? మన ఎండకి పెరుగుతుందా?

మీ బరువు, టైరు వెడల్పు, రిమ్ము రకం బట్టి మారుతుంది. నేను ఒక్క అంకె చెప్పను. టైరు మీద, రిమ్ము మీద రాసి ఉన్న గరిష్ఠాల్లో ఏది తక్కువో అది మీ హద్దు. హుక్‌లెస్ రిమ్ములకి (టైరుని పట్టుకునే కొక్కెం అంచు లేనివి) రోడ్డు టైర్లతో గరిష్ఠం 5 బార్లు, అంటే 72.5 పీఎస్‌ఐ. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, టైరు రిమ్ము మీంచి ఊడిపోతుంది.

ఎండ సంగతి: గాలి వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. లెక్క చూద్దాం. తెల్లారి 25 డిగ్రీల్లో 70 పీఎస్‌ఐ కొట్టారనుకోండి. సైకిల్ ఎండలో నిలబెట్టాక టైరు లోపలి గాలి 45 డిగ్రీలకి చేరితే అది దగ్గర దగ్గర 76 అవుతుంది. మామూలు రిమ్ముకి ఇది పట్టించుకునే విషయం కాదు. హుక్‌లెస్‌కి మాత్రం హద్దు దాటినట్టే. కాబట్టి అంచు దాకా కొట్టకుండా కొంత జాగా వదలండి. నల్లటి కార్బన్ డిస్క్ ఎండలో ఎంత కాలుతుందో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. పార్కింగులో నీడ దొరికితే వదులుకోకండి.

లేటెక్స్ ట్యూబులు వాడేవాళ్లకి ఇంకో మాట. వాటిలో గాలి రాత్రికి రాత్రే కనిపించేంత దిగుతుంది. రేసు ముందురోజు కొట్టి పడుకుంటే పొద్దున పనికిరాదు. అడాప్టర్ లేకుండా రేసుకి వెళ్లకూడదనడానికి ఇదే పెద్ద కారణం. స్టార్ట్ దగ్గర అందరి దగ్గరా పంపులుంటాయి, కానీ డిస్క్‌కి పట్టే తల ఉన్నవాళ్లు పదిమందిలో ఒక్కరుంటే గొప్ప. ఆయన తన వామప్ మానేసి మీకోసం వెతుక్కోడు.

ట్యూబ్‌లెస్ టైరులో పోసే సీలెంట్ (కన్నాలు పూడ్చే ద్రవం) వల్ల అడాప్టర్ మూసుకుపోతుందా?

పోతుంది. గాలి కొట్టేటప్పుడు వాల్వు సరిగ్గా కింద ఉంటే సీలెంట్ గుంట అక్కడే ఉంటుంది, అది కోర్‌లోకి, తర్వాత అడాప్టర్‌లోకి ఎక్కి గట్టిపడుతుంది. వాల్వుని పక్కకి, సైకిల్ నిలబడి ఉంటే గడియారం ముల్లు మూడు గంటలో, తొమ్మిది గంటలో చూపే వైపుకి తిప్పి కొట్టండి. అడాప్టర్‌లో జిగురు కనిపిస్తే వెంటనే నీళ్లతో కడగండి. ఎండిపోయాక సూదితో గోకడమే.

రోడ్డు మీద పంచరైతే సీఓటూ కాట్రిడ్జ్ (కార్బన్ డయాక్సైడ్ నింపిన చిన్న డబ్బా) సరిపోతుందా?

కాట్రిడ్జ్ తల కూడా లావే, కిటికీలో పట్టదు. తోసే రకం చిన్న అడాప్టర్‌కి దాన్ని తగిలించి చూడండి. ఇంటి దగ్గరే, ఖాళీ టైరు మీద ఒకసారి. గ్యాస్ బయటికొచ్చేటప్పుడు లోహం గడ్డకట్టినంత చల్లబడుతుంది, చేతికి గుడ్డ ఉండాలి. ఆ గ్యాస్ రబ్బరులోంచి మామూలు గాలికన్నా తొందరగా బయటికి పోతుంది కాబట్టి ఇంటికి చేరాక వదిలేసి మళ్లీ గాలి కొట్టుకోండి.

ఉప్పుగాలికి అడాప్టర్ పాడవుతుందా?

ఈసీఆర్ మీద తిరిగే వస్తువు ఏదైనా పాడవుతుంది. ఇత్తడి పచ్చబడుతుంది కానీ పనిచేస్తుంది. ముందు పోయేది స్టీలు స్ప్రింగు, లీవరు పిన్ను. తొక్కి వచ్చాక పొడిగుడ్డతో తుడవండి. పిన్ను మీద నెలకోసారి ఒక చుక్క నూనె.

అసలు అరిగేది రబ్బరు వాచరు. అడాప్టర్ లోపలికి టార్చి వేసి చూడండి. కొత్తదాని అంచు గుండ్రంగా, నునుపుగా ఉంటుంది. వాల్వు కాడ మీద మర ఉన్న ట్యూబులు వాడేకొద్దీ ఆ మర రబ్బరుని కొరికి, అంచు మీద సన్నని గీతలు పడతాయి. తర్వాత నల్లటి పొడి రాలుతుంది, వేలికి అంటుతుంది. ఆ పొడి కనిపించిందంటే గాలి కారడం మొదలైనట్టే. కొనేటప్పుడే రెండు వాచర్లు అదనంగా తీసుకోండి. కాడ నున్నగా ఉన్న ట్యూబు దొరికితే అదే వాడండి, వాచరు చాలా ఎక్కువకాలం వస్తుంది.

గాలి కొట్టాక కిటికీని మూసెయ్యాలా?

చాలా చక్రాలతో ఒక స్టిక్కరో, మూతో ఇస్తారు. పోగొట్టుకుంటే నల్ల ఇన్సులేషన్ టేపు చాలు. వేగం మాట ఎలా ఉన్నా, కిటికీ తెరిచి ఉంటే వచ్చే ఊళ కొంత తగ్గుతుంది. తుడిచిన గోడ మీదే టేపు వెయ్యండి, లేదంటే ముత్తుకాడు వంతెన దాటేలోపే ఎగిరిపోతుంది.

అసలు మన సముద్రపు గాలికి డిస్క్ వాడొచ్చా?

వెనక చక్రానికైతే వాడొచ్చు. హ్యాండిల్‌తో తిరిగేది ముందు చక్రం. పక్కగాలికి సైకిల్ లాగేసేదీ అదే. వెనక డిస్క్ మీద మీ బరువు పడి ఉంటుంది కాబట్టి అంత ఇబ్బంది పెట్టదు. 1984 జనవరిలో ఇటలీ సైక్లిస్టు ఫ్రాన్సెస్కో మోజర్ మెక్సికో సిటీలో గంట రికార్డు బద్దలు కొట్టి, గంటలో 51.151 కిలోమీటర్లు తొక్కింది డిస్క్ చక్రాల మీదే, కానీ అది వెలోడ్రోమ్, అంటే సైకిల్ పందేల ట్రాక్. హవాయిలోని కోనాలో జరిగే ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీలో (ఈత, సైకిల్, పరుగు కలిసిన ట్రయథ్లాన్) అక్కడి గాలుల వల్ల చాలా ఏళ్లు డిస్క్‌ని అసలు అనుమతించలేదు. గుంపుగా మొదలయ్యే రోడ్డు రేసుల్లో యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) నిబంధనలూ ఒప్పుకోవు, ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే టైం ట్రయల్‌కి ఒప్పుకుంటాయి. మీరు పేరు నమోదు చేసుకున్న పోటీ నిబంధనలు చదివాకే చక్రం ఎక్కించండి. సరదాగా తడ, సూళ్లూరుపేట దాకా వెళ్లొచ్చే రోజున మాత్రం మామూలు చక్రమే మేలు. హైవే మీద పంచరైతే అడాప్టర్ ఇంట్లో మర్చిపోయినా నష్టం లేదు.

ఎక్కడ కొనాలి?

చెన్నైలోని ప్యారీస్ కార్నర్ వైపు సైకిల్ సామాన్ల దుకాణాల్లో అడిగితే మామూలు కన్వర్టర్ ఇస్తారు, డిస్క్ అడాప్టర్ దొరకడం అరుదు. ట్రయథ్లాన్ సామాను పెట్టే పెద్ద షాపుల్లోనో, ఆన్‌లైన్‌లోనో చూసుకోవాలి. షాపుకి వెళ్తే చక్రాన్ని వెంట తీసుకెళ్లండి, అక్కడే కిటికీలో పెట్టి, వాల్వు మీద ఎక్కించి, పంపు తగిలించి చూడండి. ఆన్‌లైన్‌లో అయితే వాపసు తీసుకుంటారో లేదో చూసి, రేసుకి కనీసం రెండు వారాల ముందు ఆర్డరు పెట్టండి.